మొక్కజొన్న కండె ఎక్కడి నుంచి వచ్చింది? హ్యూ ఇల్టిస్ పరిశోధనపై తరచుగా అడిగే ప్రశ్నలు

అడవి గడ్డి ఒకటి పంటగా ఎలా మారిందో చదివేవాళ్లకు వచ్చే ప్రశ్నలు ఇవి. మధ్యలో ఉన్నది హ్యూ ఇల్టిస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. అయితే ఆయనకు ముందు వాదించినవాళ్లు, ఆయన్ని కాదన్నవాళ్లు, ఆయన దగ్గరే చదువుకుని వేరే దారి పట్టినవాళ్లు కూడా ఇందులో ఉన్నారు. కొన్ని ప్రశ్నలకు ఒక్క పేరా చాలు, కొన్నింటికి చాలదు.

హ్యూ ఇల్టిస్ ఎవరు?

1925లో చెకోస్లోవేకియాలోని బ్రనోలో పుట్టారు. గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కలు పెంచింది ఆ ఊళ్లోనే. తండ్రి హ్యూగో ఇల్టిస్ మెండెల్ జీవిత చరిత్ర రాసినాయన. నాజీల భయంతో ఈ కుటుంబం 1939లో అమెరికా చేరింది. హ్యూ 1955లో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడి హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) బాధ్యత చూశారు. 2016లో కన్నుమూశారు.

జన్యుశాస్త్రం పుట్టిన ఊళ్లో, మెండెల్ గురించి రాసినవాడి ఇంట్లో పెరిగినా, ఆయన జన్యుశాస్త్రజ్ఞుడు కాలేదు. ఎండబెట్టి కాగితానికి అంటించిన మొక్కలను, కొండల్లో పెరిగే మొక్కలను చూస్తూ గడిపారు. ఏ అవయవం ఎక్కడ పుడుతోంది, దేనికి పక్కన ఉంది అన్నదే ఆయన చూపు. ఆయన కనిపెట్టినవీ, తడబడినవీ రెండూ ఆ చూపులోంచే వచ్చాయి.

మొక్కజొన్న పుట్టుక అంత చిక్కుముడి ఎందుకైంది?

గోధుమ, బార్లీ, వరి పంటల అడవి బంధువులను చూడగానే పోల్చుకోవచ్చు. గింజ కాస్త సన్నంగా ఉంటుంది, పండగానే రాలిపోతుంది, అంతే తేడా. మొక్కజొన్నకు అలాంటి బంధువు కంటికి ఆనలేదు. కండె లాంటి నిర్మాణం గడ్డి కుటుంబంలో ఇంకెక్కడా లేదు. గింజలు వందల సంఖ్యలో, కవచమేదీ లేకుండా, బెండుకు గట్టిగా అతుక్కుని ఉంటాయి. వాటి మీద మళ్లీ ఆకుపొరలు బిగుతుగా చుట్టుకుని ఉంటాయి. కండె అలాగే నేల మీద పడితే గింజలన్నీ ఒకే చోట మొలిచి ఒకదాన్నొకటి నొక్కేసుకుంటాయి. మనిషి ఒలిచి విత్తకపోతే ఈ మొక్కకు మరుసటి తరం లేనట్టే.

మరి మనిషి లేనప్పుడు ఇది ఎలా బతికింది? ఈ ప్రశ్న మీద ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దాల పాటు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు పోట్లాడుకున్నారు.

తియోసింటే అంటే ఏమిటి? అది ఎలా ఉంటుంది?

మెక్సికో, మధ్య అమెరికాల్లో పెరిగే అడవి గడ్డి. ఆకు, కాండం చూస్తే మొక్కజొన్నే అనుకుంటాం. కానీ మొక్కజొన్నలా ఒకే కాండంతో నిటారుగా ఉండదు. పొడవాటి పక్క కొమ్మలు వేసి గుబురుగా పెరుగుతుంది. ప్రతి పెద్ద కొమ్మ చివరా మగపూల జల్లు ఉంటుంది. ఆడ కంకులు ఆ కొమ్మల మీది ఆకుల మొదళ్లలో గుత్తులుగా వస్తాయి.

ఆ కంకిని దగ్గరగా చూడాలి. వేలెడు పొడవు కూడా ఉండదు. అందులో 5 నుంచి 12 గింజలు రెండు వరసల్లో, ఒకటి అటు ఒకటి ఇటు సర్దుకుని ఉంటాయి. అసలు గింజ బయటికి కనిపించదు. దానికి ఆధారమైన కాండపు ముక్క గుంటలా లోపలికి వంగి గింజను పట్టుకుంటుంది, ఆ గుంట మీద గట్టి ఊకపొర మూతలా బిగుసుకుంటుంది. చేతిలో వేసుకుంటే గింజలా ఉండదు, నున్నటి చిన్న గులకరాయిలా ఉంటుంది. పళ్లతో కొరకడం కష్టం. పండగానే కంకి ముక్కలు ముక్కలుగా విడిపోయి నేల మీద చెదిరిపోతుంది. జంతువు మింగినా పెంకు లోపలి గింజ చాలాసార్లు చెక్కుచెదరకుండా బయటపడుతుంది. అడవిలో బతకడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు, తినాలనుకునేవాడికి ఇంతకంటే చిరాకూ ఉండదు.

ఇంత తేడా ఉంటే ఇదే మొక్కజొన్నకు పూర్వీకుడని ఎలా తేల్చారు?

మొదట ఎవరూ తేల్చలేదు. పందొమ్మిదో శతాబ్దంలో తియోసింటేకు పేరు పెట్టినప్పుడు దాన్ని మొక్కజొన్న ఉన్న జియా ప్రజాతిలో కాకుండా యూక్లీనా అనే వేరే ప్రజాతిలో వేశారు. 1930ల చివర్లో వృక్షశాస్త్రజ్ఞులు పాల్ మాంగెల్స్‌డార్ఫ్, రాబర్ట్ రీవ్స్ కలిసి ఒక సిద్ధాంతం చెప్పారు. మొక్కజొన్న అసలు పూర్వీకుడు ఎప్పుడో అంతరించిపోయిన అడవి మొక్కజొన్న అనీ, తియోసింటే దాని తండ్రి కాదు, మొక్కజొన్న ట్రిప్సకం అనే మరో గడ్డితో కలిసినప్పుడు పుట్టిన సంకరం అనీ వాళ్ల వాదన. గింజగింజకూ పొర ఉండే ఒక వింత మొక్కజొన్న రకాన్ని ఆ అంతరించిన పూర్వీకుడికి ఆనవాలుగా చూపించారు. ఆ పొరలు ఒకే జన్యువు ఉండకూడని చోట పనిచేయడం వల్ల వస్తాయని చాలా కాలం తర్వాత, 2012 ప్రాంతంలో తేలింది. అంటే అది పూర్వీకుడి ఆనవాలు కాదు, ఒక మ్యుటేషన్ (జన్యువులో వచ్చిన మార్పు).

జన్యుశాస్త్రజ్ఞుడు జార్జ్ బీడిల్ దీనికి ఒప్పుకోలేదు. కోర్నెల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నప్పుడే ఆయన మొక్కజొన్న, తియోసింటే సంకరాల క్రోమోజోములు చూశారు. రెండింటికీ పది జతలే, చక్కగా జతకడతాయి, పుట్టిన సంతానం మామూలుగా విత్తనం కడుతుంది. దగ్గరి చుట్టాలు కాకపోతే ఇలా జరగదు. తియోసింటేయే పూర్వీకుడని 1939లో రాశారు. తర్వాత వేరే పరిశోధనలోకి వెళ్లి 1958లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్ష పదవి నుంచి దిగాక మళ్లీ ఈ పాత పేచీ దగ్గరికే వచ్చారు.

ఆయన చేసిన ప్రయోగం వినడానికి తేలిక, చేయడానికి నడుం విరిగే పని. మొక్కజొన్నను తియోసింటేతో సంకరం చేసి, వాటి మనవల తరం మొక్కలు మెక్సికోలో సుమారు 50,000 పెంచి, కంకులన్నీ పరిశీలించారు. అచ్చం మొక్కజొన్నలా ఉన్నవి, అచ్చం తియోసింటేలా ఉన్నవి ఎన్ని అని లెక్కపెడితే ఒక్కో రకం సుమారు 500కు ఒకటి చొప్పున తేలింది. మనవల తరంలో ఒక జన్యువు విషయంలో పూర్తిగా ఒక తాతను పోలే అవకాశం నాలుగింట ఒకటి. నాలుగు జన్యువులైతే 256లో ఒకటి, ఐదైతే 1,024లో ఒకటి. 500 అంటే ఆ రెండింటికీ మధ్య. అంటే పెద్ద తేడాలన్నిటినీ నాలుగైదు ముఖ్యమైన జన్యువులే నడిపిస్తున్నాయి. క్రోమోజోములు చూసే పరికరాలున్నా, కేవలం లెక్కపెట్టి ఇంత దూరం రావడం నాకు ఈ చరిత్రంతటిలో ఎక్కువ నచ్చే ఘట్టం.

ఇందులో ఇల్టిస్ పాత్ర ఏమిటి?

ముందు వర్గీకరణ. 1980లో ఇల్టిస్, ఆయన విద్యార్థి జాన్ డీబ్లీ కలిసి జియా ప్రజాతిని కొత్తగా సర్దారు. ఒక్క గింజనే చూసి తియోసింటేను దూరంగా పెట్టడం తప్పని చెప్పి, ఏకవార్షిక తియోసింటేల్లో కొన్నిటిని మొక్కజొన్న జాతిలోనే ఉపజాతులుగా చేర్చారు. ఈరోజు మొక్కజొన్నకు నేరుగా పూర్వీకుడని అందరూ ఒప్పుకునే పార్విగ్లూమిస్ అనే ఉపజాతికి పేరు పెట్టింది వీళ్లిద్దరే.

మనిషి కండెను బాగా పెద్దదిగా, పొట్టులేనిదిగా ఎంచుకుంటూ పోయాడు కాబట్టి తేడా అంతా అక్కడే పోగైందనీ, మిగతా మొక్క పెద్దగా మారలేదనీ ఆయన గట్టిగా చెప్పేవారు. జల్లులు పోల్చి చూడండి, కండెను కాసేపు పక్కన పెట్టండి అనేది ఆయన పద్ధతి. ఇది పనిచేసింది.

మరి ఆ 'లింగ మార్పిడి' సిద్ధాంతం ఏమిటి?

1983లో ఇల్టిస్ ప్రచురించిన సిద్ధాంతం ఇది. దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక మొక్కజొన్న కండెను చేతిలోకి తీసుకుంటే తేలిక.

పై పొరలు ఒక్కొక్కటే తీయండి. ప్రతి పొరా ఒక ఆకు, కచ్చితంగా చెప్పాలంటే ఆకు అడుగుభాగం. కొన్ని రకాల్లో పొర కొసన చిన్న ఆకు రేకు కూడా మిగిలి ఉంటుంది. అన్నీ తీశాక కింద మిగిలే కాడను చూడండి. దగ్గర దగ్గరగా కుక్కేసిన కణుపులు కనిపిస్తాయి. ఒక్కో కణుపుకు ఒక్కో పొర. అంటే కండె పట్టుకుని ఉన్నది మామూలు కాడ కాదు, పొట్టిగా కుంచించుకుపోయిన పక్క కొమ్మ. కండె ఆ కొమ్మ చివర ఉంది.

ఇప్పుడు తియోసింటే దగ్గరికి రండి. దాని పక్క కొమ్మ పొడవుగా ఉంటుంది. కొమ్మ చివర ఉన్నది కంకి కాదు, మగ జల్లు. అవయవాలను వాటి స్థానాన్ని బట్టి పోల్చాలంటే మొక్కజొన్న కండెకు సరిజోడు తియోసింటే కంకి కాదు, కొమ్మ కొసన ఉన్న ఆ జల్లు. ఇల్టిస్ పట్టుకున్న సూత్రం ఇదే. కొమ్మ పొట్టిదయ్యేసరికి దాని కొస ఆడపూలు వచ్చే ప్రాంతంలోకి వచ్చి పడిందనీ, మగ జల్లు నడిమి కాడ ఆడదిగా మారి కండె అయిందనీ, ఈ మార్పు మెల్లగా కాకుండా ఒక్క దెబ్బతో జరిగిందనీ ఆయన ప్రతిపాదించారు. జల్లు నడిమి కాడ మీద పూలు రెండు కంటే ఎక్కువ వరసల్లోనే ఉంటాయి. కాబట్టి రెండు వరసల కంకి అన్ని వరసల కండెగా ఎలా మారిందన్న తలనొప్పి కూడా దీంతో తీరిపోతుంది. అందుకే చాలామందికి ఇది వెంటనే నచ్చింది.

జల్లు ఆడదిగా మారడం అసలు సాధ్యమా?

సాధ్యమే, పొలంలో కూడా కనిపిస్తుంది. మొక్కజొన్నలో జల్లు పూలు, కండె పూలు రెండూ తొలిదశలో ద్విలింగ పూలే. పెరిగే కొద్దీ జల్లులో ఆడ భాగం, కండెలో మగ భాగం ఆగిపోతాయి. పిలకల కొసన వచ్చే జల్లులో అక్కడక్కడా గింజలు కట్టడం రైతులు చూస్తూనే ఉంటారు. టాసెల్‌సీడ్ అనే మ్యుటేషన్లలో జల్లంతా గింజలు పడతాయి.

ఆ సిద్ధాంతం నిలిచిందా?

పూర్తిగా నిలవలేదు. ఒక్కసారిగా జరిగిన మార్పు అన్న భాగాన్ని జన్యు ఆధారాలు బలపరచలేదు. డీబ్లీ 1990ల్లో జన్యుపటాలు గీసినప్పుడు ఐదారు క్రోమోజోమ్ ప్రాంతాలు బయటపడ్డాయి, అంటే బీడిల్ లెక్క దాదాపు సరిపోయింది. అవి విడివిడిగా కొమ్మలనూ, పెంకునూ, వరసలనూ మారుస్తున్నాయి. అన్నిటినీ ఒకేసారి తిప్పే స్విచ్ ఏదీ దొరకలేదు. ఇల్టిస్ కూడా 2000లో తన వాదాన్ని సవరించి మరో రూపంలో రాశారు.

అయినా నా ఉద్దేశంలో ఆయన వేసిన ప్రశ్న ఆయన ఇచ్చిన జవాబు కంటే గట్టిది. అప్పటిదాకా అందరూ గింజ ఎలా పెద్దదైంది అని అడుగుతున్నారు. కొమ్మ ఎందుకు పొట్టిదైంది అని ఆయన అడిగారు. తర్వాత దొరికిన మొదటి పెద్ద జన్యువు గింజది కాదు, కొమ్మదే.

ఆ కొమ్మ జన్యువు ఏమిటి?

దాని పేరు తియోసింటే బ్రాంచ్డ్ 1, పొట్టిగా టీబీ1. డీబ్లీ బృందం 1997లో దీన్ని వేరుచేసి చూపించింది. ఇది పక్క మొగ్గల ఎదుగుదలకు బ్రేకు వేసే జన్యువు. మొక్కజొన్నలో ఇది చెడిపోతే మొక్క మళ్లీ తియోసింటేలా కొమ్మలు వేసుకుని, కొమ్మల కొసన జల్లులు వేస్తుంది.

ఇందులో ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, మొక్కజొన్నలో, తియోసింటేలో ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్ కాదు తేడా. ఎంత తయారవుతుందన్నదే తేడా. మొక్కజొన్నలో సుమారు రెట్టింపు. కారణం 2011లో దొరికింది. జన్యువుకు దాదాపు 60,000 డీఎన్ఏ అక్షరాల దూరంలో హాప్‌స్కాచ్ అనే గెంతే డీఎన్ఏ ముక్క వచ్చి దూరింది. అంత దూరం నుంచే అది టీబీ1 మోతాదు పెంచుతోంది. పైగా ఈ ముక్క రైతులు పుట్టించింది కాదు, సాగు మొదలవడానికి కనీసం 10,000 ఏళ్ల ముందే అడవి మొక్కల్లో ఉంది. అక్కడ అరుదుగా ఉన్నదాన్ని మనుషులు తెలియకుండానే ఏరుకున్నారు.

గట్టి పెంకు సంగతి?

అది తియోసింటే గ్లూమ్ ఆర్కిటెక్చర్ 1, టీజీఏ1 అనే జన్యువు పని. 2005లో బయటపడింది. ఇక్కడ మాత్రం ప్రొటీన్‌లోనే మార్పు ఉంది. ఆరో స్థానంలో లైసిన్ ఉండాల్సిన చోట ఆస్పరజిన్ వచ్చింది. ఈ ఒక్క అమైనో ఆమ్లం మారడంతో గింజను మూసిన పెంకు తెరుచుకుని, గింజ బయటికి వచ్చింది.

పెంకులో సిలికా ఎంత పేరుకోవాలో కూడా ఈ జన్యువే నిర్ణయిస్తుంది. సిలికా మట్టిలో వేల ఏళ్లయినా కుళ్లదు. అందుకే జన్యువు ప్రభావం తవ్వకాల్లో దొరికే రేణువుల్లో చదవగలుగుతున్నారు. దీని గురించి కింద మళ్లీ వస్తుంది.

అంటే ఐదు జన్యువులు మారితే పంట తయారైపోయినట్టేనా?

కాదు. ఆ ఐదారు ప్రాంతాలు చూడగానే తెలిసే పెద్ద మార్పులు చేస్తాయి, వాటి వెనక చిన్న చిన్న మార్పులు చాలా ఉన్నాయి. 2005లో వచ్చిన ఒక అధ్యయనం మొక్కజొన్న జన్యువుల్లో 2 నుంచి 4 శాతం దాకా మనిషి ఎంపిక ముద్ర ఉందని అంచనా వేసింది. మొత్తం మీద లెక్కేస్తే వెయ్యికి పైనే అవుతాయి.

అన్నీ ఒకేసారి కూడా రాలేదు. పాత కండెల్లో మిగిలిన డీఎన్ఏను 2003లో చదివినప్పుడు, టీబీ1 మార్పు మెక్సికోలో 4,400 ఏళ్ల నాటికే స్థిరపడినట్టు కనిపించింది. గింజలోని పిండి స్వభావాన్ని నడిపే షుగరీ1 జన్యువు మాత్రం న్యూ మెక్సికోలోని సుమారు 2,000 ఏళ్ల కిందటి కండెల్లో ఇంకా రకరకాలుగానే ఉంది. మొదట మొక్క ఆకారం మారింది, గింజ నాణ్యత చాలా తర్వాత.

ఇదంతా ఎక్కడ, ఎప్పుడు జరిగింది?

నైరుతి మెక్సికోలోని బాల్సాస్ నది లోయలో, సుమారు 9,000 ఏళ్ల కిందట. 2002లో డీబ్లీతో కలిసి పనిచేసిన యోషిహిరో మట్సువోకా బృందం 264 మొక్కల డీఎన్ఏ పోల్చి, అన్ని మొక్కజొన్న రకాలూ ఒకే మూలం నుంచి వచ్చాయనీ, ఆ లోయలోని పార్విగ్లూమిస్ వాటికి అతి దగ్గరిదనీ చూపించింది.

తవ్వకాల సాక్ష్యం దీనికి దగ్గరగానే ఉంది. గెరెరో రాష్ట్రంలోని షివతోష్ట్లా రాతి ఆశ్రయంలో డొలోరెస్ పైపెర్నో, ఆంథొనీ రానెర్ బృందాలు నూరుడు రాళ్ల పగుళ్లలో మొక్కజొన్న పిండి రేణువులు, ఫైటోలిత్‌లు కనిపెట్టారు. కాలం సుమారు 8,700 ఏళ్లు. ఫైటోలిత్‌లంటే మొక్కలో ఏర్పడే సూక్ష్మమైన సిలికా రేణువులు. పెంకు ఉన్న గింజ రేణువు, పెంకు పోయిన గింజ రేణువు వేరుగా ఉంటాయి కాబట్టి అక్కడివాళ్లు వాడింది తియోసింటే కాదు, మొక్కజొన్నే అని చెప్పగలిగారు. పైన చెప్పిన టీజీఏ1 పని ఇక్కడ సాక్ష్యంగా అక్కరకొచ్చింది.

కంటికి కనిపించే కండెలు కావాలంటే వాహాకా రాష్ట్రంలోని గిలా నకీట్స్ గుహకు రావాలి. కెంట్ ఫ్లానరీ 1966లో తవ్విన గుహ ఇది. అక్కడి కండెలు సుమారు 6,250 ఏళ్ల నాటివి. చాలా చిన్నవి, వరసలు తక్కువ, కానీ తియోసింటేలా వాటంతట అవి విడిపోవు. అంటే ఒలిచే చెయ్యి అప్పటికే వాటికి అవసరం. అదే గుహలో దొరికిన గుమ్మడి జాతి గింజలు సుమారు 10,000 ఏళ్ల నాటివి. కాబట్టి ఆ ప్రాంతంలో సాగు మొక్కజొన్నతో మొదలవ్వలేదు.

తెవాకాన్ లోయ కండెల కథ వేరు. 1960ల్లో రిచర్డ్ మెక్‌నీష్ తవ్వకాల్లో దొరికిన వాటిని సుమారు 7,000 ఏళ్ల నాటి అడవి మొక్కజొన్నగా ప్రకటించారు. అప్పుడు కాలం కట్టింది పక్కనున్న బొగ్గు ముక్కలను బట్టి. 1989లో కండెలకే నేరుగా రేడియోకార్బన్ పరీక్ష చేస్తే వయసు చాలా తగ్గి సుమారు 5,500 ఏళ్లకు వచ్చింది. మాంగెల్స్‌డార్ఫ్ చెప్పిన అంతరించిన అడవి మొక్కజొన్నకు ఉన్న పెద్ద ఆధారం అలా జారిపోయింది.

గింజ తినడానికే వీలుకాని మొక్కను మొదట ఎందుకు పెంచినట్టు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఇప్పటికీ వాదన నడుస్తున్నదీ దీని మీదే. బీడిల్ జవాబు వేడి. తియోసింటే గింజను కాలిస్తే పెంకు పగిలి పేలాలుగా పేలుతుందని ఆయన చేసి చూపించారు. పిండి చేసి తిని కూడా చూశారు. ఇల్టిస్ వైపు మొగ్గినవాళ్లు కాండం వైపు వేలు చూపిస్తారు. కాండంలో తీపి రసం ఉంటుంది, నమిలి రసం పీల్చుకోవచ్చు, పులియబెట్టి పానీయం చేసుకోవచ్చు. లేత కంకిని పెంకు గట్టిపడక ముందే తినొచ్చనేది ఇంకో మాట.

రసం వాదానికి ఒక ఇబ్బంది ఉంది. షివతోష్ట్లాలో నూరుడు రాళ్ల మీద గింజ పిండే దొరికింది. కాబట్టి కనీసం 8,700 ఏళ్ల నాటికి అక్కడ గింజ నూరుతున్నారు. కానీ ఎంత తిన్నారు? దానికి ఎముకలు జవాబు చెబుతాయి. మొక్కజొన్న కార్బన్‌ను పీల్చుకునే పద్ధతి చాలా అడవి మొక్కల కంటే వేరు కావడంతో, దాన్ని ఎక్కువగా తిన్నవాళ్ల ఎముకల్లో కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్ రూపం) పాళ్లు పెరుగుతాయి. బెలీజ్‌లోని రెండు రాతి ఆశ్రయాల్లో దొరికిన అస్థిపంజరాలను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. అక్కడివాళ్లు మొక్కజొన్నను గట్టిగా తినడం మొదలుపెట్టింది సుమారు 4,700 ఏళ్ల కిందట, అది ప్రధాన ఆహారమైంది సుమారు 4,000 ఏళ్ల కిందట. తొలి సాగుకూ దీనికీ మధ్య నాలుగు వేల ఏళ్లకు పైగా ఎడం ఉంది. అన్నాళ్లూ అది నలుగురితో పాటు నారాయణా అన్నట్టు ఉన్న మొక్కల్లో ఒకటి.

తొలి రైతులు కావాలనే ఇలా మార్చారా?

పెద్ద గింజ ఉన్న కండెను విత్తనానికి దాచడం కావాలని చేసిన పనే. కానీ చాలా మార్పులు ఎవరూ అనుకోకుండా, కోత పద్ధతి వల్లే వచ్చాయి. గోధుమ, వరి ఉదాహరణలు దీన్ని ఇంకా బాగా చూపిస్తాయి. కొడవలితో కోస్తే రాలిపోయే గింజలు పొలంలోనే మిగులుతాయి, రాలనివి ఇంటికి వస్తాయి. మళ్లీ విత్తేది ఇంటికొచ్చిన వాటినే. ఎవరూ ఎంపిక చేయకపోయినా రాలని గింజ గెలుస్తుంది. వరిలో గింజ రాలకుండా చేసిన ముఖ్య మార్పుల్లో ఒకటైన ఎస్‌హెచ్4 జన్యువు 2006లో దొరికింది. అక్కడా ఒక్క అమైనో ఆమ్లం మార్పే.

జాక్ హార్లాన్ 1960ల్లో టర్కీలో అడవి ఐన్‌కార్న్ గోధుమను చెకుముకి రాయి కొడవలితో కోసి చూశారు. గంటకు దాదాపు ఒక కిలో శుభ్రమైన గింజ వచ్చింది. ఒక కుటుంబం పంట పండే మూడు వారాలు కష్టపడితే ఏడాదికి సరిపోయేదానికంటే ఎక్కువే పోగేయొచ్చని ఆయన లెక్క. అంత తేలిగ్గా దొరుకుతుంటే దుక్కి దున్ని విత్తడమెందుకన్న ప్రశ్న అక్కడి నుంచే పదునెక్కింది.

ఈ మార్పుకు ఎంత కాలం పట్టింది?

1990లో గోర్డన్ హిల్మన్, స్టువర్ట్ డేవిస్ లెక్క ప్రకారం గోధుమలో రాలని గింజ 200 ఏళ్లలోపే, వీలైతే 20-30 ఏళ్లలోనే పొలమంతా నిండిపోవాలి. తవ్వకాలు వేరే మాట చెప్పాయి. పశ్చిమాసియా గోధుమ, బార్లీల్లో వెయ్యేళ్లకు పైనే పట్టింది. చైనాలోని త్యెన్‌లువోషాన్‌లో రాలని వరి వాటా సుమారు 6,900 నుంచి 6,600 ఏళ్ల కిందటి మధ్య 27 శాతం నుంచి 39 శాతానికి పెరిగింది. 300 ఏళ్లలో పన్నెండు శాతమే! పచ్చిగా ఉన్నప్పుడే కోయడం, అడవి విత్తనం మళ్లీ మళ్లీ కలవడం లాంటివి దీన్ని నెమ్మది చేసి ఉండొచ్చు.

వాతావరణానికి ఇందులో ఏమైనా పాత్ర ఉందా?

ఉండే అవకాశం ఎక్కువ. పైపెర్నో బృందం మంచుయుగం చివరి నాటి చల్లదనం, తక్కువ కార్బన్ డయాక్సైడ్ ఉన్న గదుల్లో తియోసింటేను పెంచితే, కొన్ని మొక్కలు కొమ్మలు తగ్గించుకుని, కంకులు ప్రధాన కాండం మీద వేసి, మొక్కజొన్న పోలికలు చూపించాయి. 2015లో వచ్చిన ఈ ఫలితాలను బట్టి, తొలి సేకర్తలు చూసిన తియోసింటే ఇప్పుడు మనం చూసే గుబురు మొక్క కాకపోవచ్చు. చుట్టూ ఉన్న పరిస్థితే మొక్క రూపాన్ని తిప్పగలదని ఇల్టిస్ 1983లో నమ్మిన మాటకు ఇది కొంత ఊతం.

కండెలో గింజల వరసలు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఎందుకుంటాయి?

లెక్కపెట్టి చూడండి, 12, 14, 16 ఇలా వస్తాయి. లేత కండె మీద మొదట పుట్టే ప్రతి బుడిపె రెండుగా చీలి రెండు చిన్న పూగుచ్ఛాలు ఇస్తుంది. ఒక్కో దానిలో రెండు పూలు మొదలై, కిందిది ఆగిపోయి, పైది గింజ అవుతుంది. జంటగా పుట్టాయి కాబట్టి వరసలు కూడా జంటగానే. తియోసింటే కంకిలో ఆ జంటలో ఒకటి ఎదగకుండా ఆగిపోతుంది, అందుకే పెంకుకు ఒక్క గింజే.

కొత్త తియోసింటేను కనిపెట్టారట కదా?

కనిపెట్టింది రఫాయెల్ గుస్మాన్ అనే మెక్సికో విద్యార్థి, దాని వెనక ఉన్న ప్రేరణ ఇల్టిస్. జియా పెరెన్నిస్ అనే బహువార్షిక తియోసింటే అడవిలో అంతరించిందని రాసిన బొమ్మ కార్డును ఇల్టిస్ కొత్త సంవత్సరం శుభాకాంక్షలుగా పంపారు. గ్వాదలహారాలోని ఒక అధ్యాపకురాలు దాన్ని విద్యార్థులకు చూపించి, వెతికి తెమ్మని పురమాయించారు. గుస్మాన్ జియా పెరెన్నిస్‌ను కనిపెట్టి అక్కడితో ఆగలేదు. హలిస్కో రాష్ట్రంలోని సియెర్రా దె మనాన్‌ట్లాన్ కొండల్లో మరో బహువార్షిక మొక్క దొరికింది. దానికి మొక్కజొన్నలాగే 20 క్రోమోజోములున్నాయి. జియా డిప్లోపెరెన్నిస్ పేరుతో 1979లో దాన్ని ప్రకటించారు.

పెరెన్నిస్‌కు 40 క్రోమోజోములు కాబట్టి మొక్కజొన్నతో సరిగా కలవదు, ఇది కలుస్తుంది. కొన్ని వైరస్ తెగుళ్లను తట్టుకునే గుణం కూడా దీనిలో ఉంది. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కాసే మొక్కజొన్న వస్తుందని అప్పట్లో పత్రికలు సంబరపడ్డాయి. అది రాలేదు. దీనివల్ల వచ్చిన అసలు లాభం ఆ కొండలకే. 1987లో సుమారు 1,39,000 హెక్టార్లు రక్షిత జీవావరణ ప్రాంతంగా ప్రకటించారు.

టమాటా కథ నిజమేనా?

నిజమే. 1962లో పెరూలో డొనాల్డ్ యుజెంట్‌తో కలిసి తిరుగుతూ ఇల్టిస్ 832 నంబరు నమూనాగా ఒక అడవి టమాటా సేకరించారు. చూడ్డానికి ఎందుకూ పనికిరాని చిన్న పచ్చటి కాయలు. విత్తనాలను కాలిఫోర్నియాలోని చార్లెస్ రిక్‌కు పంపారు. అది కొత్త జాతని 1976లో ప్రకటించారు. సాగు టమాటాతో సంకరం చేస్తే కాయల్లో చక్కెర, ఘనపదార్థాల పాళ్లు పెరిగాయి. అడవి మొక్కలను కాపాడాలని ఇల్టిస్ ఎక్కడ మాట్లాడినా ఈ నమూనాను ఉదాహరణగా చెప్పేవారు.

మొక్కజొన్నకు పూర్వీకుడు ఒక్కటేనా?

పునాది పార్విగ్లూమిస్‌దే, కానీ కథ అక్కడితో ఆగలేదు. ఎత్తు ప్రాంతాల్లో పెరిగే మెక్సికానా అనే తియోసింటే, సాగు మొదలైన సుమారు 4,000 ఏళ్ల తర్వాత మొక్కజొన్నలో కలిసింది. 2023లో వచ్చిన అధ్యయనం ప్రకారం నేటి మొక్కజొన్న జన్యు వారసత్వంలో దాదాపు 18 శాతం దానిదే.

తియోసింటే ఇప్పుడు పొలాల్లో ఉందా?

ఉంది, కలుపు మొక్కగా. మధ్య మెక్సికో ఎత్తు ప్రాంతాల్లో మెక్సికానా మొక్కజొన్న చేలలోనే పెరుగుతుంది. అక్కడి మొక్కజొన్నలాగే దీని ఆకు తొడుగు కూడా ఎర్రగా, నూగుతో ఉంటుంది. పూత వచ్చేదాకా ఏది పంటో ఏది కలుపో పోల్చుకోవడం కష్టం, అందుకే కలుపుతీతలో తప్పించుకుంటుంది. పక్కపక్కనే ఉన్నా రెండూ విచ్చలవిడిగా కలిసిపోవు. కొన్ని తియోసింటేల్లో పీచు మీద పడ్డ మొక్కజొన్న పుప్పొడిని గింజ దాకా పోనివ్వని జన్యువు ఉంది. మొక్కజొన్న పీచుకు మాత్రం అలాంటి అడ్డు సాధారణంగా ఉండదు, తియోసింటే పుప్పొడి లోపలికి వెళ్లగలదు.